అద్దె ఇల్లు, రసీదు పుస్తకం

మా ఉంగుటూరు చుట్టుపక్కల మామిడితోటను గుత్తకిచ్చే పెద్దమనిషి జాగ్రత్త చూసి తీరవలసిందే. పూత చూస్తాడు, పిందె చూస్తాడు, తోట అడగవచ్చిన బేరగాడి వెనకా ముందూ వాకబు చేస్తాడు. బయానా ఎంత, మిగతా సొమ్ము ఏనాటికి, కోత అయ్యాక తోట ఎప్పుడు వదలాలి ఇవన్నీ కాగితం మీద పెట్టించి, ఇద్దరి చేత సాక్షి సంతకాలు చేయించి గాని తోటలో కాలు పెట్టనివ్వడు. కొద్ది నెలల కాపు కోసం ఇంత తతంగం! ఆ పెద్దమనిషే తన తండ్రి కట్టించిన డాబా ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మాత్రం, "మనవాళ్ళేగా, కాగితాలెందుకూ?" అని తాళంచెవి చేతిలో పెట్టి చక్కా వస్తాడు.

ఆ 'మనవాళ్ళు' రెండేళ్ళు తిరిగేసరికి 'వాళ్ళు' అవుతారు. మరో ఏడాదికి 'ఆ మనిషి' అవుతారు. ఆపైన ప్లీడరుగారి గుమస్తా పెట్టే పేరు ఒకటుంది - 'ప్రతివాది'.

ఇంటి యజమానులు వేరు, అద్దెకుండేవారు వేరు అని మనం అనుకుంటాం గాని, ఈ రోజుల్లో మధ్యతరగతి సంసారాల్లో చాలామందికి రెండు వేషాలూ ఉన్నాయి. సొంత ఊళ్ళో ఇంటిగలవారు. పిల్లల చదువులకని చేరిన పట్నంలో అద్దెవారు. మా పెద్దమ్మగారి అమ్మాయి, నాకు అక్క, సరిగ్గా ఇలాంటి మనిషే. ఉంగుటూరులో అత్తగారిచ్చిన ఇల్లుంది. దాన్ని ఒక ప్రైవేటు బడి మాస్టారి కుటుంబానికి నెలకు 4,000 రూపాయలకిచ్చింది. తాను పిల్లవాడి ఇంటర్మీడియెట్ చదువు కోసం బెజవాడలో నెలకు 12,000 పోసి రెండు గదుల వాటాలో ఉంటున్నది.

మొన్న మాఘమాసంలో ఒకనాడు వచ్చి కూర్చుని, ఒక్క గుక్కలో రెండు ఇళ్ళ సంగతీ చెప్పింది.

"చూడవే, మాస్టారు మూడు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. రేపు మీ బావగారిని పంపించి సామానంతా వీధిలో పెట్టిస్తాను. ఇల్లు నాది కాదుటే?"

మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నది.

"అక్కడ మా ఇంటాయన చూడు! కొడుక్కి పెళ్ళయిందట, ఇల్లు కావాలిట. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమంటాడు. మార్చిలో పిల్లవాడి పరీక్షలు. ఇప్పుడు కుదరదన్నామని నిన్న మోటారు ఆపేసి నీళ్ళు రానివ్వలేదు. ఇల్లు ఆయనదైతే మాత్రం, మేం మనుషులం కామూ?"

"అక్కా, నువ్వు మాస్టారి మీద అన్నదీ, ఆయన నీ మీద అన్నదీ ఒకే మాట కాదూ?" అన్నాను.

"ఒకటెలా అవుతుందీ? ఆయన డబ్బిచ్చేవాళ్ళను పొమ్మంటున్నాడు. నేను ఇవ్వనివాళ్ళను పొమ్మంటున్నాను" అన్నది.

అక్క మాటలో నిజం లేకపోలేదు. అసలు అద్దె తగాదా తీర్చే అధికారి పని అంతా ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవడమే. ఎవరు మంచివారు, ఎవరు గయ్యాళులు అన్నది ఆయన చూడడు. ఇద్దరి మనసుల్లోనూ ఏమున్నదో చూస్తాడు. మనసు కనబడదు గనక కాగితాలు చూస్తాడు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. సామాను వీధిలో పెట్టించే హక్కు మా అక్కకూ లేదు, నీళ్ళు ఆపే హక్కు ఆ ఇంటాయనకూ లేదు. ఇల్లు మనదే అయినా, అద్దెదారు ఎంత మొండివాడైనా, చట్టప్రకారం కోర్టు ద్వారానే ఖాళీ చేయించుకోవాలి. బలవంతాన బయటకు నెట్టితే, నెట్టబడినవాడు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆరు నెలలలోగా దావా వేసి మళ్ళీ ఇంట్లో ప్రవేశించవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. 'నిన్నటిదాకా లోపల ఎవరున్నారు, చట్టప్రకారం బయటకు పంపారా లేదా' - అంతే. ఈ ముక్క చెప్పేసరికి మా అక్క మాస్టారి సామాను సంగతి అక్కడితో ఆపింది.

అద్దెల మీద ప్రభుత్వం చెయ్యి పెట్టడం యుద్ధాల కాలంలో మొదలైంది. 1915లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఫిరంగులూ ఓడలూ తయారుచేసే పనివాళ్ళు వచ్చి పడ్డారు. మగవాళ్ళు యుద్ధంలో ఉండగా ఇళ్ళవాళ్ళు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ అనే ఇల్లాలు ముందు నిలబడి అద్దెల సమ్మె నడిపింది. ఖాళీ చేయించడానికి వచ్చిన అమీనాలను ఆడవాళ్ళే అడ్డుకున్నారు. ఆ ఏడాది ముగిసేలోగా అక్కడి పార్లమెంటు, అద్దెలు యుద్ధానికి ముందున్న మట్టంలోనే ఉండాలని చట్టం చేసింది. మన దేశంలో బొంబాయిలో 1918లో అటువంటి చట్టం వచ్చింది. మన కృష్ణాజిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోది గనక, రెండో యుద్ధకాలంలో 1941 నాటి మద్రాసు ఇంటి అద్దె ఉత్తర్వులు మనకూ వర్తించాయి. తరువాత 1946లో ఒక చట్టం, 1949లో మరొకటి. హైదరాబాదు రాష్ట్రంవారు 1954లో తమ చట్టం తాము చేసుకున్నారు. రెండు ప్రాంతాలూ కలిశాక, రెండింటినీ తీసివేసి 1960లో ఆంధ్రప్రదేశ్ ఇళ్ళ అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. రెంట్ కంట్రోలర్ అనే మాట ఇంటింటా వినబడినది ఆ చట్టం మూలానే. తెలంగాణలో ఆ చట్టమే రాష్ట్రం పేరు మార్చుకుని కొనసాగింది.

రెంట్ కంట్రోలర్ అంటే కొత్త మనిషి కాడు. చట్టంలో తహసీల్దారు హోదాకు తగ్గని అధికారి అని ఉన్నా, పట్టణాల్లో సాధారణంగా మున్సిఫుగారే, అంటే తరువాతి రోజుల్లో జూనియర్ సివిల్ జడ్జిగారే, ఆ పని చేసేవారు. అర్జీకి ఆర్.సి.సి. అనే నెంబరు పడేది. అవతలివారికి నోటీసు, వారి కౌంటరు, ఇరువైపులా సాక్ష్యం, కాగితాలమీద ఎ–1, బి–1 అని గుర్తులు. తీర్పు నచ్చనివారు 30 రోజుల్లో సబుజడ్జిగారికి అప్పీలు చేసుకోవాలి. దానిమీద హైకోర్టుకు రివిజన్.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చినది, అది యజమాని చేతికి ఖాళీ చేయించే కారణాలను లెక్కపెట్టి ఇవ్వడం. అద్దె ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, నివాసానికి తీసుకుని దుకాణం పెట్టడం, ఇల్లు పాడుచేయడం, ఇరుగుపొరుగును వేధించడం, కారణం లేకుండా వరుసగా నాలుగు నెలలు తాళం పెట్టి పోవడం, 'ఈ ఇల్లు నీదని ఎవరన్నారు?' అని యజమాని హక్కునే కాదనడం, యజమానికే ఇల్లు అవసరం రావడం. ముఖ్యమైనవి ఇవీ. 'వాళ్ళ వంటవాసన మాకు పడదు' అన్నది అందులో లేదు. 'పక్కింటివాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారు' అన్నది అసలే లేదు.

ఈ కారణాల్లో రెండు చోట్ల చట్టం మనసులోకి తొంగిచూస్తుంది. ఒకటి ఎగవేత, రెండోది అవసరం.

ఎగవేత మాట చూడండి. ఒప్పందంలో చెప్పిన గడువు దాటి పదిహేను రోజులు, ఒప్పందం లేకపోతే మరుసటి నెల ఆఖరు రోజు - ఆలోగా అద్దె ముట్టకపోతే బాకీ పడినట్టే. అయినా అంతమాత్రాన ఖాళీ చెయ్యమని 1960 చట్టం అనలేదు. ఆ ఎగవేత బుద్ధిపూర్వకమైనదా అని అడిగింది. కాదని తోస్తే, కంట్రోలరు పదిహేను రోజులకు మించని గడువిచ్చి, ఆ బాకీ కట్టితే అర్జీ కొట్టివేయవచ్చు. చేతిలో డబ్బుండి ఇవ్వనివాడు వేరు, జీతం రాక ఇవ్వలేనివాడు వేరు అని చట్టానికి తెలుసు. మా మాస్టారు రెండో రకం. బడివారు మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. ఆయన బ్యాంకు పుస్తకమే అందుకు సాక్షి.

ఇక్కడ ఇంకొక పేచీ ఉన్నది. అక్క మూడు నెలల బాకీ అంటుంది. మాస్టారు రెండే అంటారు. కార్తీకమాసంలో బావగారు ఊరికి వచ్చినప్పుడు ఒక నెల అద్దె ఆయన చేతికిచ్చాననీ, అప్పుడు వీధి అరుగు మీద నిలబడి మాట్లాడుకున్నామనీ ఆయన వాదం. బావగారికి అరుగు గుర్తున్నది, మాటలు గుర్తున్నాయి, డబ్బు గుర్తులేదు. రసీదు లేదు. ఎవరూ అబద్ధమాడడం లేదు; అయినా ఇద్దరిలో ఒకరి మాట నిజం కాదు. ఇలాంటి చోటే అధికారి కలం ఆగిపోతుంది. అద్దె తీసుకున్న ప్రతిసారీ రసీదు పొందే హక్కు అద్దెదారుకు ఆ చట్టం ఇచ్చింది. మన ఇళ్ళల్లో రసీదు అడగడం అంటే అవతలి మనిషిని శంకించినట్టనుకుంటాం. ఫోనులో పంపిన డబ్బుకు అదే సాక్ష్యంగా నిలుస్తుంది గాని, చేతికిచ్చిన నోట్లకు నోరు లేదు.

ఇక యజమాని అవసరం. ఆ ఊళ్ళో తనకు సొంతంగా ఉండడానికి వేరే ఇల్లు లేనప్పుడు, తన ఇంట్లో తానుంటానని యజమాని అడగవచ్చు. ఆ అవసరం నిజమైనదై ఉండాలి. అద్దె పెంచడానికి వేసిన ఎత్తు కాకూడదు. చట్టం ఇక్కడ ఒక చక్కని బిగింపు పెట్టింది. నేనుంటానని ఖాళీ చేయించుకున్న యజమాని నెలలోగా అందులో చేరకపోయినా, చేరి ఆరు నెలల్లో సరైన కారణం లేకుండా వదిలిపోయినా, వెళ్ళగొట్టబడిన అద్దెదారు తిరిగి ఆ ఇల్లు ఇప్పించమని కంట్రోలరును అడగవచ్చు. ఒక వాటాలో యజమాని ఉంటూ, సంసారం పెరిగింది గనక రెండో వాటా కూడా కావాలన్నాడనుకోండి. అప్పుడు కంట్రోలరు తక్కెడ పట్టుకునేవాడు. యజమానికి కలిగే సౌకర్యం ఎంత, అద్దెదారుకు కలిగే కష్టం ఎంత? కష్టం బరువైతే అర్జీ చెల్లదు. తీర్పు యజమాని పక్షాన వచ్చినా, సామాను సర్దుకోవడానికి మొత్తం మీద మూడు నెలలకు మించకుండా గడువు ఇవ్వవచ్చు.

కొందరు యజమానులకు ఇంకొక విద్య తెలుసు. అద్దె తెస్తే తీసుకోరు. 'తరువాత చూద్దాం లెండి' అంటారు. రెండు నెలలు అలా గడిపి, 'అద్దె ఎగవేశాడు' అని అర్జీ పడేస్తారు. 1960 చట్టం దీనికి విరుగుడు చెప్పింది. అద్దెదారు నోటీసిచ్చి, మీ బ్యాంకు పేరు చెప్పండి, అందులో కడతాను అనాలి. చెప్పకపోతే కమీషను మినహాయించుకుని మనియార్డరు చెయ్యాలి. అదీ తిప్పి పంపితే కంట్రోలరు దగ్గర జమ కట్టాలి. తగాదా నడుస్తున్నన్నాళ్ళూ అద్దె కడుతూనే ఉండాలి. 'కోర్టులో ఉంది గదా' అని కట్టడం మానేసినవాడి వాదం వినకుండానే ఖాళీ చెయ్యమనే అధికారం కంట్రోలరుకు ఉండేది. నీళ్ళు, కరెంటు వంటి సౌకర్యాలను తగిన కారణం లేకుండా ఆపరాదనీ ఆ చట్టంలోనే ఉన్నది. ఆపితే పునరుద్ధరించమని అడగవచ్చు.

అడ్వాన్సు సంగతి కూడా విచిత్రమే. ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని ఆ చట్టం. తీసుకోనివారెవరు? అయితే ఆ ఎక్కువ తీసుకున్నది యజమాని మెడకే చుట్టుకున్న సందర్భం ఒకటి మన గూడూరులోనే జరిగింది. అక్కడి ఒక హోటలువారు అద్దె బాకీ పడ్డారని యజమాని ఖాళీ చేయించబోయాడు. ఆయన దగ్గర ఆ బాకీకి మించిన అడ్వాన్సు సొమ్ము ఉన్నది. చట్టానికి మించి పుచ్చుకుని, తిరిగి ఇవ్వవలసిన సొమ్ము చేతిలో పెట్టుకుని, అద్దెదారు ఎగవేశాడనడం చెల్లదని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంతవరకు చదివినవారికి, 'అయితే నేరుగా రెంట్ కంట్రోలరు దగ్గరికే పోదాం' అనిపించవచ్చు. తొందరపడకండి. ఆ చట్టానికి గోడలున్నాయి.

మొదటి గోడ ఊరు. 1960 చట్టం హైదరాబాదు, సికింద్రాబాదులకూ, మునిసిపాలిటీలకూ పెట్టినది. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన చోట్లకు తప్ప పంచాయతీలకు అది రాలేదు. అంటే బెజవాడలో వాటా మీద రెంట్ కంట్రోలరుగారి నీడ పడితే పడవచ్చుగాని, ఉంగుటూరు డాబా మీద పడదు.

రెండో గోడ ఇంటి వయసు. కొత్త ఇళ్ళు కట్టేవారిని ప్రోత్సహించాలని, 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్ళకు చట్టం వర్తించదన్నారు. ఇరవై ఆరేళ్ళు గడిచినా ఆ ఇళ్ళు 'కొత్తవి'గానే మిగిలాయి! పాత ఇంట్లో ఉన్నవాడికి రక్ష, పక్కనే ఉన్న 'కొత్త' ఇంట్లోవాడికి లేదు. ఈ తేడా ఇంక సాగదని 1983 అక్టోబరు 26న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 29న, ప్రభుత్వం వేరే ఉత్తర్వు తెచ్చింది. కట్టిన పదేళ్ళదాకా మినహాయింపు, నెలకు వెయ్యి రూపాయలకు మించిన అద్దె ఇళ్ళకు మినహాయింపు. 2005లో చట్టాన్నే సవరించి ఆ పదేళ్ళను పదిహేను చేశారు.

మూడో గోడ అద్దె మొత్తం. ఆ 2005 సవరణతోనే కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్ళను చట్టం బయట పెట్టారు. ఇప్పుడు పట్నంలో 3,500కు ఏ ఇల్లు వస్తుంది? మధ్యతరగతివాళ్ళు నమ్ముకున్న గొడుగు వాళ్ళ తలమీదనుంచి ఎప్పుడో జారిపోయింది.

గోడ బయట ఉన్నవారి గతి ఏమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. నెలవారీ అద్దె ఇంటికి పదిహేను రోజుల నోటీసిచ్చి, గడువు దాటాక మామూలు సివిల్ కోర్టులో, మా ఊరివారైతే గన్నవరంలో, దావా వెయ్యాలి. ఇక్కడ 'బుద్ధిపూర్వకమా' అని అడగరు, 'అవసరం నిజమా' అని అడగరు. నోటీసు సరిగా అందిందా, గడువు తీరిందా - అదే ప్రశ్న. పూర్వం నోటీసు గడువు అద్దె నెల ఆఖరు రోజుతో సరిగ్గా ముగియాలని నియమం ఉండేది. ఒక్క రోజు తేడా వచ్చి, ఏళ్ళతరబడి నడిచిన దావాలు నోటీసు దగ్గరే పడిపోయేవి. 2003 ప్రాంతంలో ఆ చిక్కు తీసివేశారు. నోటీసులో రోజులు తక్కువ పడినా, పదిహేను రోజులు దాటాక దావా వేస్తే చాలు.

ఈ పాత గోడలన్నీ పక్కనపెట్టి, 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా చట్టానికి ఒప్పుకున్నది. రాష్ట్రాలు దాన్ని చూసి తమ చట్టాలు చేసుకోవాలని ఉద్దేశం. అందులో మూడు మెట్లున్నాయి. డిప్యూటీ కలెక్టరు హోదాకు తగ్గని రెంట్ అథారిటీ, దానిపైన అదనపు కలెక్టరు స్థాయి రెంట్ కోర్టు, దానిపైన జిల్లా జడ్జి స్థాయి రెంట్ ట్రిబ్యునల్. కోర్టైనా ట్రిబ్యునలైనా 60 రోజుల్లో తేల్చాలన్నది ఆశయం. ఒప్పందం రాతలో ఉండాలి, రెండు నెలల్లో అథారిటీకి తెలపాలి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. గడువు తీరినా కదలని అద్దెదారు మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు కట్టాలి. అన్నిటికన్న మా ఊరివారికి కావలసిన మాట - పల్లెలు కూడా దీని పరిధిలోకి రావాలన్నారు. ఈ బాటలో అద్దె చట్టాలు మార్చుకున్న నాలుగు రాష్ట్రాలని కేంద్రం చెప్పిన లెక్కలో, 2017 పేరుతో చట్టం చేసిన మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కనుక మీ తగాదా ఏ గుమ్మం ఎక్కాలో మీరే నిర్ణయించుకోకండి. ఊరు, ఇంటి వయసు, అద్దె మొత్తం, ఎప్పటినుంచి ఉంటున్నారు - ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని ప్లీడరుగారికి చూపించండి.

ప్లీడరు ఖర్చు భరించలేమనే ఆడవారికి ఒక శుభవార్త. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం, ఆదాయం ఎంతైనా సరే, స్త్రీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కోర్టుల ఆవరణలోనే న్యాయ సేవా సంస్థల కార్యాలయాలుంటాయి. దావా వేయకముందే తగాదాను లోక్ అదాలతుకు పెట్టుకోవచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు. రచ్చబండ రాజీకీ దీనికీ తేడా అదే. రచ్చబండ మాట మర్నాడు ఎవరైనా మార్చవచ్చు.

ఇంతకూ మా అక్క సంగతి. మాస్టారితో కూర్చుని రాసుకున్నారు. బాకీ నాలుగు వాయిదాల్లో తీర్చాలి, వేసవి సెలవులకు ఇల్లు ఖాళీ చెయ్యాలి. కార్తీకమాసపు అద్దె ముట్టిందనే లెక్క కట్టారు, ముట్టలేదని రుజువు చేసే దారి లేదు గనక. ఆ నాలుగు వేలు రసీదు పుస్తకం కొనకపోయినందుకు జరిమానా అని అక్క ఇప్పటికీ అంటుంది. బెజవాడ ఇంటాయనకు ప్లీడరు చేత జవాబు రాయించింది. అందులో నీళ్ళు ఆపిన తేదీ వేసింది, అద్దె కట్టిన బ్యాంకు లెక్క జతచేసింది, మే నెలాఖరుకు ఖాళీ చేస్తామని స్పష్టంగా రాసింది. మోటారు మర్నాడే తిరిగింది. ఆ ఇంటాయన కొడుకు పెళ్ళి నిజమే, కోడలు కాపురానికి రావడమూ నిజమే. ఆయన అవసరం అబద్ధం కాదు. తొందర మాత్రమే తప్పు. మే నెలలో వాళ్ళు మారిపోయారు. అడ్వాన్సులో సున్నానికింత, గోడకు కొట్టిన మేకులకింత అని కొంత కోత పడింది. ఇల్లు తీసుకున్నప్పుడే గదుల ఫోటోలు తీసి ఉంచుకుంటే ఆ వాదనా ఉండేది కాదు.

పాఠకులకు నేను చెప్పేది కొంచెమే. తాళంచెవి చేతులు మారే రోజునే ఒప్పందం రాసుకోండి. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. 1999లో మన రాష్ట్రం ఆ నిబంధనను సవరించి, గడువుతో పని లేకుండా కౌలు పత్రాలన్నీ రిజిస్టరు కావాలన్నది. రిజిస్టరు కాని పత్రంలోని షరతులను కోర్టు రుజువుగా తీసుకోదు. అద్దె తీసుకున్న నెలనెలా రసీదు ఇవ్వండి. అద్దె ఇచ్చినవారు అడిగి పుచ్చుకోండి. నోటీసు ఇవ్వవలసి వస్తే స్పీడుపోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి. అవతలివారు నోటీసిస్తే జవాబివ్వకుండా బల్లసొరుగులో పడేయకండి. అద్దె తీసుకోనంటే బ్యాంకులో వేసి తెలియజేయండి. కోపం వచ్చినా మోటారు ఆపకండి, తాళం వెయ్యకండి. న్యాయం మీ వైపే ఉన్నా, ఆ ఒక్క పనితో అది అవతలి పక్షానికి పోతుంది.

మొహమాటం అంటారా? 'మనవాళ్ళు'గా ఉన్నప్పుడు కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరూ నొచ్చుకోరు. 'ప్రతివాది' అయిన తరువాత ఎంత బతిమాలినా పెట్టరు.